బూడిద దిబ్బ మొదలు ఆటల పెట్టె దాకా

బళ్ళారి నుంచి హోసపేటకు పోయే దారిలో కుడతిని దాపున ఒక పాత బూడిద దిబ్బ వున్నది. ఇటువంటి దిబ్బలు మన జిల్లాలోనూ, చుట్టుపక్కల రాయచూరు, మహబూబ్‌నగర్ సీమలలోనూ ఇంకా చాలా వున్నవి. హంపి పక్కన నింబాపురంలో వున్నదాన్ని చూపించి, వాలిని దహనం చేసిన చోటు ఇదే అంటారు. మరికొన్ని చోట్ల రాక్షసులు కాలిన బూడిద అంటారు. చిన్నతనంలో మా నాయనమ్మ చెప్పగా విని మేము నమ్మినాము కూడా. మామూలు మనిషి కాలితే అంత బూడిద ఎక్కడిది?

1843లో న్యూబోల్డ్ అనే దొర ఈ దిబ్బలను గూర్చి వ్రాశాడు. తరువాత భూగర్భ శాస్త్రజ్ఞుడైన రాబర్ట్ బ్రూస్ ఫుట్ మన జిల్లా అంతా కాలినడకన, గుర్రం మీదా తిరిగి, ఇది పశువుల పేడ కాలిన బూడిద అన్నాడు. అప్పట్లో చాలామందికి ఆ మాట రుచించలేదు. 1957లో ఆల్చిన్ అనే పండితుడు మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు దిబ్బను పొర పొరగా తవ్వి చూచి దాన్ని ఖాయం చేశాడు. గుంజలు పాతి కట్టిన పశువుల దొడ్లు, నేలమీద పడిన గిట్టల గుర్తులు, పోగైన పేడను మళ్ళీ మళ్ళీ కాల్చిన పొరలు బయట పడినవి. నాలుగు వేల ఏండ్లకు పైబడిన సంగతి. వాలి చితి అనుకొని మనం దండం పెట్టినది, తీరా చూస్తే, మన సీమ పూర్వుల పేడదిబ్బ.

ఈ పాత కథ ఇప్పుడెందుకు ఎత్తుకున్నామని పాఠకులు అడగవచ్చు. ఆ తవ్వే పద్ధతినే ఈనాడు కొందరు పండితులు పిల్లలు ఆడుకునే వీడియో ఆటల మీద, కంప్యూటర్ల మీద, పారేసిన సెల్‌ఫోన్ల మీద ప్రయోగిస్తున్నారు. దీనికి వాళ్ళు ఒక పేరు కూడా పెట్టుకున్నారు. తెలుగులో ఆటల పురావస్తు శాస్త్రం అనుకుందాం. ఆండ్రూ రైన్‌హార్డ్ అనే అమెరికా పండితుడు 2018లో దీని మీద ఒక గ్రంథమే ప్రకటించాడు. మొదట విన్నప్పుడు మేమూ నవ్వినాము. పిల్లకాయల ఆటబొమ్మకు తవ్వకం ఏమిటి అనిపించింది. పోయిన ఉగాదికి మా ఇంటి అటక దించిన తరువాత ఆ నవ్వు పోయింది. ఆ సంగతి చెప్పాలనే ఈ వ్యాసం. కాని ముందుగా ఆ శాస్త్రం ఏమిటో నాలుగు మాటలు చెప్పక తప్పదు.

పురావస్తువు అనగానే మనకు రాజుల బంగారం, గుళ్ళ శిల్పాలు కళ్ళముందు ఆడతవి. తవ్వేవాళ్ళకు మాత్రం అంతకంటే చెత్త ముఖ్యం. మన ఊరి పక్కన సంగనకల్లు, కప్పగల్లు గుట్టలే ఇందుకు సాక్షి. అక్కడ శిలాయుగంలో రాతి గొడ్డళ్ళు చేసే పెద్ద కార్ఖానా నడిచిందని ఫుట్‌దొర కనిపెట్టినాడు. తరువాత బెండపూడి సుబ్బారావుగారు అక్కడ తవ్వి, 1948లో బళ్ళారి శిలాయుగ సంస్కృతుల మీద ఇంగ్లీషులో పుస్తకం వ్రాసినారు. పూర్తయిన గొడ్డళ్ళను జనం ఎక్కడెక్కడికో తీసికొని పోయినారు. చెక్కుతూ వుండగా రాలిన పెచ్చులు, నడుమ పగిలిపోయినవి, విసిగి పారేసినవి మాత్రం అక్కడే పడి వున్నవి. పనివాని చేయి ఎట్లా తిరిగిందో, ఏ దెబ్బ తప్పిందో చెప్పేవి అవే. గొప్ప కోసం దాచుకున్నది ఒకమాట చెబుతుంది, గమనించక పారేసినది ఇంకొక మాట చెబుతుంది.

అమెరికాలో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం రాత్జీ అనే ఆయన 1973 నుంచి టూసాన్ నగరంలో ఇండ్ల చెత్తడబ్బాలను శాస్త్రీయంగా విప్పి లెక్క కట్టించినాడు. నెలకు ఎన్ని సీసాల బీరు తాగుతారని ఇంటింటా అడిగితే వచ్చిన లెక్క ఒకటి, చెత్తలో దొరికిన డబ్బాల లెక్క మరొకటి. రెండోది ఎప్పుడూ పెద్దదే! మన ఊళ్ళో చేయిస్తే ఎట్లా వుంటుందో వ్రాయకపోవడమే మర్యాద.

రెండో సూత్రం పొర. కిందిది ముందు పడినది, పైది తరువాత పడినది. ఒక పొరలో దొరికిన వస్తువులలో అన్నిటికంటే కొత్తది ఏదో, ఆ పొర అంతకుముందు ఏర్పడినది కానేరదు. మూడోది మాకు బాగా అర్థమైనది, ఎందుకంటే మేము ఆఫీసు గుమాస్తాలము. తవ్వి తీసిన ప్రతి వస్తువుకూ నంబరు వేసి, ఎక్కడ, ఎంత లోతులో, దేని పక్కన దొరికిందో అప్పటికప్పుడు వ్రాసుకోవాలి. ఆఫీసులో టపా వచ్చిన వెంటనే ఇన్‌వర్డు రిజిస్టరులో ఎక్కించినట్లన్నమాట. ఎక్కించని కాగితం చేతిలో వున్నా, అది ఎక్కడిదో, ఎవరు పంపినదో ఎవరూ చెప్పలేరు.

ఇక వీడియో ఆటల తవ్వకాలలో పేరుపడినది అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రం, అలమొగోర్డో అనే చిన్న పట్టణంలో జరిగింది. మొట్టమొదటి అణుబాంబును పరీక్షించిన ఎడారి ఆ సీమలోదే. 1982లో ఈ.టీ. అనే సినిమా వచ్చి పెద్ద పేరు తెచ్చుకున్నది. ఇంకో గ్రహం నుంచి వచ్చిన బొట్టి ప్రాణి కథ. అటారి అనే ఆటల కంపెనీవారు ఆ బొమ్మ హక్కులు కొని, క్రిస్మస్ పండుగ లోపల ఆట బజారులోకి రావాలని పట్టుపట్టినారు. హోవర్డ్ స్కాట్ వార్షా అనే యువకుడు ఐదు వారాలలో ఒంటిచేత్తో దాన్ని వ్రాసి ఇచ్చినాడు. నలభై లక్షల దాకా క్యాసెట్లు చేసినారు. జనం కొన్నారు, ఆడినారు, విసిగినారు. ఆటలో బొమ్మ అడుగడుగునా గోతిలో పడుతుంది, పైకి రావడం బ్రహ్మప్రళయం. అమ్ముడుపోనివి గుట్టలుగా తిరిగి వచ్చినవి. మరుసటి ఏడు అమెరికాలో వీడియో ఆటల వ్యాపారమే కుప్పకూలింది.

1983 సెప్టెంబరులో అటారివారు పదికి పైగా లారీల సరుకును అలమొగోర్డో చెత్తగుంటలో పారబోసి, పైన కాంక్రీటు పోయించినారని పత్రికలలో వచ్చింది. ఆ తరువాత ముప్పై ఏండ్లలో అది పురాణం అయింది. ప్రపంచంలోకెల్లా చెడ్డ ఆట, దాని కారణంగా కంపెనీ మునిగింది, సిగ్గుపడి రాత్రికి రాత్రి పూడ్చిపెట్టినారు అని ఒకరు, పూడ్చిందీ లేదు పాడూ లేదు, అంతా పుకారే అని ఒకరు. అచ్చంగా మన వాలి చితి వరుసే.

2014 ఏప్రిల్ 26న తవ్వినారు. చెత్త వ్యాపారంలో వుండి ఆ గుంటను ఎరిగిన జో లెవండోవ్‌స్కీ అనే ఆయన పాత ఫోటోలు చూచి చోటు గుర్తించినాడు. పలుగూ పారా పనికిరాలేదు, జె.సి.బి. లాంటి పెద్ద యంత్రాలతో ముప్పై అడుగుల దాకా పోవలసి వచ్చింది. సినిమా తీసేవాళ్ళు ఖర్చు పెట్టుకున్నారు. రైన్‌హార్డ్, మరికొందరు పురావస్తు పండితులు పక్కనే నిలబడి, బొక్కెన పైకి వచ్చినప్పుడల్లా చెత్తను పరచి, ఎంచి, నంబర్లు వేసినారు. ఆ రోజు దుమ్ముగాలి రేగి కళ్ళు తెరవనీయలేదట. వేసవిలో మన బళ్ళారి గాలి ఎరిగినవాళ్ళకు ఆ అవస్థ చెప్పనక్కరలేదు.

సుమారు 1,300 క్యాసెట్లు తీసినారు. అటారిలో ఒకప్పుడు మేనేజరుగా వుండి ఆ పూడ్చే పని చూచిన జేమ్స్ హెల్లర్ అక్కడికి వచ్చి, మొత్తం పూడ్చినవి 7,28,000 అని చెప్పినాడు. ఇక్కడే అసలు విశేషం. దొరికినవాటిలో ఈ.టీ. ఆట పదింట ఒక వంతు మాత్రమే. తక్కినవి పేరుపడ్డ ఆటలు, బాగా అమ్ముడుపోయిన ఆటలు, రకరకాల సరుకు. అంటే ఒక చెడ్డ ఆటను సిగ్గుపడి పాతిపెట్టలేదు. గోదాము ఖాళీ చేసుకున్నారు, అంతే. ముప్పై ఏండ్లు ప్రపంచమంతా చెప్పుకున్న కథను ఒక్క రోజు తవ్వకం సరిదిద్దింది. వాటిలో ఒక క్యాసెట్టు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో చేరింది. ఎనిమిది వందల పైచిలుకు వేలం వేస్తే లక్ష డాలర్లకు పైగా వచ్చింది. కంపుకొట్టే చెత్తకు!

ఇది వస్తువు తవ్వకం. ఆట లోపలికి దిగి తవ్వడం ఇంకొకటి. అటారి యంత్రం మీద ఆడే ఎన్‌టూంబ్డ్ అనే ఆట 1982లో వచ్చింది. పేరుకు అర్థం, సమాధిలో చిక్కినవాడు. ఒక వంకర టింకర సందుల కోట కిందినుంచి పైకి జారుతూ వుంటుంది, ఆడేవాడు దారి వెతుక్కోవాలి. ఆ యంత్రానికి వున్న జ్ఞాపకశక్తి 128 బైట్లు. ఈ పేరాలోని అక్షరాలు కూడా అందులో పట్టవు. మరి అంతులేని కోటను అది ఎక్కడ దాచుకున్నది? దాచుకోలేదు, అడుగడుగుకూ కొత్తగా కట్టుకుంటూ పోయింది. పక్క గోడలను చూచి తరువాతి గోడ ఎక్కడ నిలబెట్టాలో చెప్పే ఒక చిన్న పట్టిక అందులో వున్నది. జాన్ ఏకాక్, తారా కాపుల్‌స్టోన్ అనే ఇద్దరు పండితులు దానిని విప్పి చూచినారు. పట్టిక పని చేస్తుంది, కాని ఏ లెక్క ప్రకారం వ్రాసినారో వాళ్ళకు అంతు చిక్కలేదు. ఆట వ్రాసిన స్టీవ్ సిడ్లీని అడిగితే, అది ఇంకొకరు తనకు ఇచ్చినది, ఆయన తప్పతాగిన వేళ వ్రాసినానని చెప్పినాడు అన్నాడు. తరువాత కొన్నేండ్లకు ఆనాటి పనివాళ్ళు మరికొందరు, పాత కాగితాలు దొరికినాక ఆ తాగుడు కథ కూడా మారిపోయింది. మనుషులు బ్రతికి వుండగానే, నలభై ఏండ్లకే, జ్ఞాపకం ఇంత దారి తప్పుతుంది!

ఇంకా వింతైనది ఒకటి చెప్పి ఇంటికి వస్తాము. ఇంగ్లండులో 2016లో నో మాన్స్ స్కై అనే ఆట విడుదల అయింది. అందులో గ్రహాలను మనుషులు గీయలేదు, ఒక లెక్క పుట్టిస్తుంది. కోటానుకోట్ల గ్రహాలు. వేల మంది ఆటగాళ్ళు దేశదేశాల నుంచి వచ్చి ఒక మూల గుంపుగా చేరి, ఇండ్లు కట్టుకొని, పైర్లు పెట్టి, కాపురం చేసినారు. 2017 ఆగస్టులో కంపెనీవారు ఆటను మార్చినారు. తెల్లవారేసరికి పచ్చని గ్రహాలు ఎడారులైనవి, కొన్ని మంచుగడ్డలైనవి. జనం వలస పోయినారు. పోతూ పోతూ రాతిఫలకాలు నిలిపినట్లు సందేశాలు వదిలిపోయినారు. రైన్‌హార్డ్ యార్కు విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆ పాడుబడిన ఊళ్ళలో తిరిగి, ఇంటింటి కొలతలూ వ్రాసుకున్నాడు. 1565 తరువాత హంపి వీధులలో మొదట నడిచినవానికి కలిగిన దిగులే అతనికీ కలిగి వుంటుందని మాకు తోస్తుంది. కనబడనిదానికి దిగులేమిటని కొందరు అనవచ్చు. కట్టుకున్నవాళ్ళు మనుషులే గదా.

హంపి మాట వచ్చింది కనుక ఒక సంగతి. 2021లో విజయనగర జిల్లా వేరుపడేదాకా హంపి మన జిల్లాలోదే. మండపాల రాతి నేల మీద పులిజూదం గీతలు చూడనివాళ్ళు మనలో తక్కువ. మన కన్నడ స్నేహితులు ఆడు హులి అంటారు. రాజు చేయించిన శిల్పాలకు శాసనాలున్నవి, ఈ గీతలకు ఏ శాసనమూ లేదు. కావలివాడో, ఎండకు నీడపట్టున కూర్చున్న యాత్రికుడో గీసుకున్నాడు. కాని బండ పరచిన తరువాతనే గీత పడింది అనేది మాత్రం ఖాయం. గుడిని చూచి రాజు గొప్ప తెలుసుకుంటాము, ఆ గీతలను చూచి అక్కడ మనుషులు కూర్చుని నవ్వుకున్నారని తెలుసుకుంటాము.

ఇక మా అటక. పోయిన ఉగాదికి సున్నం వేయించాలని సామాను దించడానికి పూనుకున్నాము. బెంగుళూరులో ఇంజనీరింగు చదివే మా మేనల్లుడు సెలవులకు వచ్చి వున్నాడు. పై సంగతులన్నీ మాకు చెప్పినది వాడే. మేము మొదటి గోనెసంచి పట్టుకొని లాగగానే, "మామా, ఒక్కరవ్వ ఆగండి. ఏది దేని కింద వున్నిందో రాసుకుందాం" అన్నాడు.

మా అమ్మ కింద నుంచి, "గుజరీ వానికి ఇచ్చేదానికి లెక్కలెందుకురా?" అన్నది.

అయినా వాడు వినలేదు. రూళ్ళ పుస్తకం తెచ్చి ఇన్‌వర్డు రిజిస్టరు తెరచినాడు. పై పొర: పాడైన టేబుల్ ఫ్యాను, సెల్‌ఫోను పెట్టెలు, పాటల సీడీలు. దాని కింద: వీపు బండగా వుండే పాత కంప్యూటర్ టీవీ. దాని కింద గోనెసంచిలో మా చిన్ననాటి టీవీ ఆటల పెట్టె. అన్నిటికంటే అడుగున మా నాన్నగారి రేకుపెట్టె.

ఆటల పెట్టెను చూచి మేము పదేండ్ల పిల్లవాళ్ళమైనాము. జపానులో నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన ఫ్యామిలీ కంప్యూటర్ అనే యంత్రానికి నకలు అది. 1990 తరువాత మన ఊళ్ళలో అటువంటి నకళ్ళు ఇంటింటా వెలసినవి. అసలుది చూచినవాళ్ళు మనలో ఎవరూ లేరు. క్యాసెట్టు మీద 9999 ఆటలు అని అచ్చు. మేనల్లుడు కూర్చుని లెక్కబెడితే వేరు వేరు ఆటలు ఏడే. మిగతావి అవే పేర్లు మార్చి, రంగు మార్చి తిరిగి తిరిగి వస్తవి. తెర మీద అసలు కంపెనీ పేరు వుండవలసిన చోట తుడిచివేసి వున్నది. మూత విప్పితే సరైన చిప్పు బదులు తారుబొట్టు లాంటి నల్లని ముద్ద. నకలు సరుకుకు అదే గుర్తట. కన్నడ దేశంలో జనమేజయ మహారాజు ఇచ్చినట్లు పుట్టించిన దొంగ తామ్రశాసనాలు కొన్ని వున్నవి. వాటిని చరిత్రకారులు పారేయలేదు. ఎవరు, ఎప్పుడు, ఏ భూమి కోసం పుట్టించినారని అడుగుతారు. మా క్యాసెట్టునూ అట్లాగే అడగవచ్చు. అసలు కొనలేని ఊళ్ళకు ఆ ఆట ఏ దారిన చేరిందో చెప్పేది ఆ తుడిచిన చోటే.

చేతిలో పట్టుకునే మీటలపలక రెండింటిలో ఒకటి కాల్చే బొత్తాం దగ్గర నున్నగా అరిగిపోయి వున్నది. అది మాది. రెండోదాన్ని తిప్పి చూస్తే వెనుక పక్క వృత్తలేఖిని మొనతో గీసిన గీతలు, ఐదేసి చొప్పున కట్టలు కట్టి వున్నవి. మాకు గుర్తుకు రావడానికి కొంతసేపు పట్టింది. మా చెల్లెలు తన గెలుపులను లెక్క పెట్టుకున్నది. అంకెలు ఇక్కడ వ్రాయము. మా ఇంట్లో ఇన్నాళ్ళూ మేమే గెలిచేవాళ్ళమని ఒక ప్రతీతి వుండినది, అది ఆ పూట కూలిందని మాత్రం ఒప్పుకుంటాము. మేనల్లుడు తన తల్లికి ఫోను చేసి చెబితే, ఆమె నవ్వి నవ్వి మాట రాక ఫోను పెట్టేసింది.

అడుగున రేకుపెట్టెలో ఒక పొట్లం. పొట్లం కట్టిన కాగితం, సోనియా గాంధీ, సుష్మా స్వరాజ్ మన బళ్ళారిలో పోటీ చేసిన ఎన్నికల నాటి దినపత్రిక. 1999 సెప్టెంబరు. కనుక ఆ పొట్లం అంతకుముందు కట్టినది కాదు. విప్పితే ఐదు ఫ్లాపీలు. చదరంగా, నల్లగా, అరచేతిలో ఇమిడేవి, వాడినవాళ్ళకు గుర్తుంటుంది. వాటి మీద మా నాన్నగారి చేతివ్రాతలో, 'పెద్దల జ్ఞాపకాలు' అని వున్నది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడిననాడు బళ్ళారి మైసూరులో చేరింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో మిగిలినవి. మన కుటుంబాలకు అది ఏ రోజో వేరే చెప్పనక్కరలేదు. ఆ రోజులను ఎరిగిన పెద్దలచేత వ్రాయించి, మన సంఘం తరఫున ఒక సంచిక వేయాలని మా నాన్నగారు తిరిగినారు. ఇరవై మందికి పైగా వ్రాసి ఇచ్చినారు. కంప్యూటరు మీద అక్షరాలు కూర్చే పని ఒక దుకాణానికి అప్పగించినారు. చందాలు చాలక అచ్చు ఆగింది. దుకాణం మూతపడింది, చేతివ్రాత కాగితాలు దానితోనే పోయినవి. వ్రాసిన పెద్దలు పోయినారు, నాన్నగారూ పోయినారు. మిగిలినవి ఈ ఐదు ఫ్లాపీలు.

ఫ్లాపీలు చదివే యంత్రం కోసం ఊరంతా వెతికినాము. ఫ్లాపీల తయారీలో పెద్ద కంపెనీ అయిన సోనీవారే 2011లో చేయడం మానుకున్నారు. జపాను ప్రభుత్వ ఆఫీసులు మాత్రం 2024 దాకా ఫ్లాపీలు అడుగుతూనే వుండినవట. గుమాస్తాల పట్టుదల ఎక్కడైనా ఒకటే. చివరకు మేనల్లుడు బెంగుళూరు పాతసామాన్ల బజారులో ఒకటి సంపాదించుకొని వచ్చినాడు. నాలుగు ఫ్లాపీలు గరగరమన్నవే గాని ఒక అక్షరం ఇవ్వలేదు. ఐదోది తెరచుకున్నది. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, వాటి మీద చుక్కలు, తోకలు, డాలరు గుర్తులు. ఒక్క తెలుగు అక్షరం లేదు.

సంగతి ఏమిటంటే, ప్రపంచ భాషలన్నిటికీ ఒకే పట్టికలో నంబర్లు ఇచ్చే యూనికోడ్ 1991లోనే వచ్చి తెలుగుకు 128 గళ్ళు కేటాయించినా, అచ్చు దుకాణాలలో చాలా ఏండ్లు దాన్ని వాడలేదు. ఒక్కొక్క కంపెనీ ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తలకట్టు ఒక చోట, కొమ్ము ఒక చోట, వత్తు ఒక చోట తనకు తోచినట్లు సర్దుకున్నది. ఆ కంపెనీ అక్షరాల మూస వుంటేనే తెలుగు కనిపిస్తుంది, లేకుంటే అది రాక్షస లిపి. ఇటువంటి పాతవాటిని యూనికోడుకు మార్చడానికి వెన్న నాగార్జునగారు పద్మ అనే ఉపకరణం చేసి ఎంతో మేలు చేసినారు. 2003లో తెలుగు వికీపీడియా ఆరంభమైనది కూడా ఆయన చొరవతోనే. మా దురదృష్టం, మా ఫ్లాపీలోని మూస ఆయన పట్టికలో వున్న ఏ మూసతోనూ పూర్తిగా కలవలేదు.

అప్పుడు మేనల్లుడు ప్రిన్సెప్ మార్గం పట్టినాడు. జేమ్స్ ప్రిన్సెప్ 1837లో బ్రాహ్మీ లిపిని విప్పినది సాంచీ స్తూపం కమ్మీల మీది చిన్న చిన్న వ్రాతలతో. చాలావాటి చివర ఒకే రెండు అక్షరాలు వస్తున్నవి. గుడికి ఇచ్చినవాళ్ళ పేర్లు గనుక ఆ మాట దానం అయి వుండాలని ఊహించినాడు. ఆ తాళంచెవితోనే అశోకుని శాసనాలు తెరచుకున్నవి. మన జిల్లాలో నిట్టూరు, ఉడెగోళం బండల మీద అశోకుని పేరే వున్నది. అది చదవగలిగినామంటే ఆ దానం మాట పెట్టిన భిక్షే. మా పేజీలలో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే మాట ఏమై వుంటుంది? బళ్ళారి! రెండు ళకారాలు, ఒక దీర్ఘం, ఒక గుడి. అక్కడ మొదలుపెట్టి, నాలుగు రాత్రులు కూర్చుని, గుర్తుకు గుర్తు పట్టిక వ్రాసుకున్నాము. ఇంజనీరింగు వానికి తెలుగు వత్తులు మేము చెప్పినాము, మాకు యంత్రం వాడు చెప్పినాడు. మధ్యలో ళ్ళ, ల్ల దగ్గర పెద్ద తగాదా కూడా అయింది.

పద్నాలుగు పేజీలు బయటికి వచ్చినవి. ఏడుగురి జ్ఞాపకాలు. ఏడోది మా తాతగారిది. ఆయన 1953లో తాలూకా కచేరిలో గుమాస్తా. సెప్టెంబరు 30 రాత్రి ఊళ్ళో ఎవరూ నిద్రపోలేదని, వీధి అరుగుల మీద అటువాళ్ళు ఇటువాళ్ళు విడి విడిగా కూర్చున్నారని, తాను మాత్రం ఇద్దరి దగ్గరా మజ్జిగ తాగినానని వ్రాసినారు. మరునాడు పొద్దున కచేరికి పోయి తలుపు తీసి చూస్తే తన బల్ల మీద - అంతే. అక్కడితో ఫ్లాపీ ఆగిపోయింది. తరువాతి మాట చదవలేని నాలుగింటిలో ఎందులోనో వున్నది.

బల్ల మీద ఏమున్నది? మా అమ్మను అడిగితే, "కన్నడ అక్షరాల పుస్తకం రా. ఎవరో స్నేహితుడు పెట్టిపోయినాడంట. మామగారు ఎన్నోసార్లు చెప్పినారు" అన్నది. ఆదోనిలో మా పెద్దత్తను ఫోనులో అడిగితే, "పుస్తకం లేదు, ఏమీ లేదు. ఆదోనికి బదిలీ హుకుం. మా నాయన దాన్ని మడిచి జేబులో పెట్టుకొని, బళ్ళారి వదలనని వెనక్కి ఇచ్చేసినాడు" అన్నది. ఇద్దరూ ఖచ్చితంగానే చెబుతున్నారు. ఒకరిది ఇక్కడ వున్నవాళ్ళ కథ, ఇంకొకరిది అక్కడికి పోయినవాళ్ళ కథ. ఏది ఉట్నూరు, ఏది నింబాపురం, మేము తేల్చలేకపోయినాము.

ఫ్లాపీ మీద మిగిలిన అయస్కాంతపు జాడలను, అక్షరాలుగా కాక, అట్లాగే యథాతథంగా ఎత్తి వ్రాసుకునే యంత్రాలు ఇప్పుడు వచ్చినవట. వాటితో చచ్చిన ఫ్లాపీలు కొన్ని పలుకుతవని మేనల్లుడు అంటున్నాడు. నాలుగింటినీ వాడు బెంగుళూరుకు తీసికొని పోయినాడు. మన సభ్యుల ఇండ్లలోనూ ఇటువంటి ఫ్లాపీలు, సీడీలు, పాత కంప్యూటర్లు వుంటే గుజరీకి వేయక ముందు సంఘం కార్యదర్శిగారికి ఒకమాట చెప్పవలెనని మనవి. ఎక్కడ, దేని కింద దొరికిందో ఒక చీటీ వ్రాసి అంటించండి.

మా ఫ్లాపీల కవరు మీద వాడు అంటించిన చీటీ ఇది: "నంబరు 31. అటక, ఎడమ మూల, అడుగు పొర, రేకుపెట్టె లోపల. 1999 సెప్టెంబరు పేపరులో చుట్టినది. చేతివ్రాత తాతగారిది. లోపల వున్నది ముత్తాతగారి మాట, సగం."